రూపాయిన్నర సరిహద్దు

ఏలూరు రోడ్డు వెనక సందులో
రెండో అంతస్తు, రేకుల గది.
అట్టపెట్టెల్లోంచి ఒక్కో భూమినీ తీసి
ఒళ్లో పెట్టుకుంటాడు నాగూల్ మీరా,
తలంటు పోయబోయే పిల్లాణ్ణి పట్టుకున్నట్టు.

చైనా నుంచి వచ్చిన గ్లోబులు.
సముద్రాలు బావున్నాయి, ఇరుసు బాగానే తిరుగుతోంది,
మన నెత్తి దగ్గరే తేడా.
పైన ఒక ముక్క తెగి
పక్కవాడి రంగులో కలిసిపోయింది.
"ఇలాగే అమ్మితే కేసవుద్ది" అన్నారు శేషయ్య గారు.
అందుకే ఈ స్టిక్కర్లు, ఒక నల్ల స్కెచ్ పెన్ను,
గ్లోబుకి రూపాయిన్నర కూలి.

అంగుళం దేశాన్ని
గోటితో నొక్కి అంటిస్తాడు.
గాలిబుడగ వస్తే సూదితో పొడుస్తాడు.
గీత గీసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబడతాడు,
ఫ్యాను కూడా ఆపమంటాడు.

రాష్ట్రం విడిపోయిన ఏడు
ఇదే గదిలో గోడపటాలు కట్టలు కట్టలు.
కాటాకి వేస్తే కిలో తొమ్మిది రూపాయలు.
సగం పునుగుల బండికి పోయాయి.
ఒక సాయంత్రం నా చేతిలో
నల్లగొండ మీద నూనె మరక.
ఆ తర్వాత రాజధాని చుక్క కోసం
ఎన్నిసార్లు అచ్చు ఆపామో
శేషయ్య గారి అప్పులవాళ్లకి తెలుసు.

నేనిక్కడ లెక్కలు రాస్తాను.
డాలరు పెరిగితే గ్లోబు ధర కొట్టేసి మళ్లీ రాస్తాను.
ఎవరు పెంచారో నాకు తెలీదు,
ఢిల్లీకి తెలుసో లేదో అదీ తెలీదు.
ఎక్కడో ఇరుకు కాలవలో ఓడ అడ్డం తిరిగితే
చిట్టినగర్ బడికి భూగోళం ఆలస్యం.

బుడమేరు వచ్చిన రాత్రి
సింగ్ నగర్లో అతని గడప దాటడానికి
నీళ్లు ఎవర్నీ అడగలేదు.
మూడు రోజులు పక్కవాళ్ల మిద్దె మీద.
తర్వాత పరిహారం లైన్లో
"ఈ ఇంట్లో ఉంటున్నట్టు రుజువేది?" అన్నారు.
గోడ మీద బురద గీత చూపించాడట,
ఛాతీ ఎత్తున.
ఆ గీత చెల్లలేదు.

ఇవాళ్టికి నూట పన్నెండోది.
ఉఫ్‌మని ఊది, సిరా ఆరిందా అని
చిటికెన వేలితో చూసి
గిర్రున తిప్పాడు.
"బెజవాడ ఏదన్నా ఇందులో?"
ఇద్దరం వెతికాం, నేను కళ్లజోడు తుడుచుకుని మరీ.
కృష్ణ ఉంది, వెంట్రుకంత.
ఊరు లేదు.

పెన్నుకి మూత పెట్టబోయి ఆగాడు.
నది పక్కన
చీమ తలంత చుక్క.

శేషయ్య గారు చూస్తే ఆ పీసు తిరగ్గొడతారు.
పెట్టెలో అడుక్కి సర్దేశాను.