అడుగున రాసిన మాట

చీమకుర్తిలో మాలకొండయ్యది పాలిషింగు పని.
పగిలిన నల్లరాతి ముక్క మీద
సుద్దతో గీశాడు మెట్లాట:
ఒక క్రేను, పదమూడు మంది కూలీలు.
క్రేనుకు దారి మూసేస్తే కూలీల గెలుపు.

కాగితం మీదికెక్కించి నా జిరాక్సు కొట్టుకు తెచ్చాడు.
అడుగున బాల్‌పెన్నుతో:
"ఎవరైనా ఆడుకోండి, గీసుకోండి, మార్చుకోండి.
నా పేరు తీయొద్దు. అమ్మొద్దు."
రూపాయికొకటి, మూడొందల కాపీలు తీశాను.
అదీ అమ్మడమేనేమో అని
అప్పుడు నాకు తోచలేదు.

మొన్న ఒంగోల్లో, కర్నూలు రోడ్డు బొమ్మల షాపులో
రంగుల డబ్బా, నాలుగొందల తొంభై తొమ్మిది.
సర్వహక్కులూ ఎవరో వకుళా ట్రేడర్స్‌వి.
లోపలి కాగితంలో
"క్రేను గుంఠలో దిగితే" అని ఉంది.
గుంటకు ఒత్తు ఠ రాసేది
ఈ భూమ్మీద మాలకొండయ్య ఒక్కడే.

ప్లీడరు రహంతుల్లా గారు కళ్ళజోడు తుడుచుకుని
"ఆట ఎవరి సొత్తూ కాదయ్యా.
రాసిన వాక్యం నీది, గీసిన బొమ్మ నీది.
ఆ ఠ మీద కేసేద్దాం" అన్నాడు.

బస్సులో నేను నవ్వాను, అతను నవ్వలేదు.
సంతనూతలపాడు దాటాక అన్నాడు:
"గీతలు మా మేనత్త పులిజూదానివక్కా.
పులిని తీసి క్రేను పెట్టా, అంతే.
ఆమె పేరు యాడా రాయలా."

రాత్రి షట్టరు సగం దించి
అసలు కాగితం మళ్ళీ అద్దం మీద బోర్లించాను.
మాలకొండయ్య పేరు పైన
వేలెడు చోటుంది.
ఆమె పేరేంటో రేపు అడగాలి.
ఈసారి రూపాయి తీసుకోను.
కరెంటు బిల్లు సంగతి తర్వాత.