ఔట్‌పాస్

హాస్టల్ రిజిస్టర్లో ఇంటిపేరు గడి
ఖాళీగా వదిలేసింది మెసెరెత్.
"ఇంటిపేరు ఏటమ్మా?" అంది మేట్రన్ అప్పలనరసమ్మ గారు.
"మాకు ఇంటిపేర్లుండవు మేడమ్. ఇల్లయితే ఉంది."
ఆవిడ కాసేపు పెన్ను కొరికి
ఆ గడిలో 'ఇథియోపియా' అని రాసీసింది.
అప్పట్నుంచీ ప్రతి ఆదివారం
ఒక దేశం మొత్తం నాతోపాటు సంతకం పెట్టి బయటికొచ్చేది.
వెళ్ళు చోటు: బీచి. తిరిగి వచ్చు వేళ: ఏడున్నర.

నేను కంచరపాలెంలో పుట్టినదాన్ని.
మా ఇంట్లో సముద్రమంటే
చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తీసే పింగాణీ కప్పులు.
వాళ్ళకి చూపించి, దూరం నుంచే దణ్ణం పెట్టి,
ఉప్పుకి చీరలు పాడైపోతాయని
అమ్మ మమ్మల్ని మెట్ల మీదే కూచోబెట్టేది.
ఇరవై రెండేళ్ళొచ్చినా
నా మోకాలికి అల తెలీదు.

మెసెరెత్ వాళ్ళ దేశానికి సముద్రమే లేదు.
వాళ్ళమ్మ పెళ్ళి కాకముందు ఉండేదట.
తర్వాత గీత జరిగి
నీళ్ళు అటుపక్క ఉండిపోయాయట.
"పంపకాల్లో సముద్రం కూడా పోతుందేటి?" అన్నాను.
"పోతుంది," అంది,
మురీ మిక్చర్లో పచ్చిమిరప ముక్కలు ఏరి
నా పొట్లంలో వేస్తూ.

సబ్‌మెరైన్ దగ్గర ఒక కుటుంబం
తమ పిల్లాణ్ణి ఆమె పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నారు,
అడక్కుండానే.
రెండోవాళ్ళు జడలు ముట్టుకు చూశారు.
మూడోవాళ్ళకి తనే చెప్పింది, మా యాసలో:
"ఫొటోకి ఒక పొత్తు. బేరాల్లేవు బావూ."
నవ్వీసి, కొనిచ్చీసేరు.
ఆ సాయంత్రం నాలుగు పొత్తులు కాల్పించుకు తిన్నాం.
ఐదోది
చేతిలో చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది.
నేను ఏదో చెప్పాలనుకుని
నిమ్మచెక్క అందించాను.

వాళ్ళ కొత్త సంవత్సరం
మా భాద్రపదంలో పడింది.
చినవాల్తేరులో, నాలుగిళ్ళవాళ్ళు కాదన్నాక దొరికిన
ఇమానీ అద్దెగదిలో పండగ.
పచ్చపూలు కావాలంది. అడివిపూలు దొరక్క
డిపార్టుమెంటు వెనక పచ్చగన్నేరు కోసుకెళ్ళాను.
చోడిపిండి మూడు రోజులు పులియబెట్టి
పెనానికంత రొట్టె పోసింది.
"అమ్మ పులుపు రాలేదు," అంది, "నీళ్ళు వేరు."
ఒక్కటే పళ్ళెం. చుట్టూ ఆరుగురం.
రొట్టె తుంచి, కూర చుట్టి,
తన చేత్తో నా నోటి దగ్గర పెట్టింది.

ఎంగిలి.
ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట,
ఏ నాయనమ్మ గొంతులోంచో.
ఎవరి గ్లాసు ఏ గూట్లో ఉండాలో
మా ఇంట్లో గోడలకి కూడా తెలుసు.
నా నోరు ఒక్క క్షణం ఆలస్యంగా తెరుచుకుంది.
ఆమె చూసింది.
చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కారం. పులుపు. ఆమె వేళ్ళ ఉప్పు.
నేను పెట్టిన ముద్ద
ఆమె గెడ్డం మీద సగం జారిపోయింది.
ఇమానీ కుర్చీలోంచి పడేలా నవ్వింది.

తర్వాతి ఆదివారం భీమిలి.
చెప్పులు ఇసకలో గుచ్చి
ఆమె దిగింది, నేను దిగాను.
మోకాళ్ళు. నడుము.
ఎవరు ఎవర్ని పట్టుకున్నామో తెలీదు,
ఇద్దరికీ ఈత రాదు.
ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాత కేకేశాడు:
"ఇక్కడి గుంటవేనా నువ్వు? ఆ పిల్లే నయం, అలకి పక్కకి తిరుగుతోంది!"

తిరుగు బస్సులో తడిబట్టల్తో నిలబడ్డాం.
నా ఆధార్ చూసి కండక్టరు
సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాడు.
"మరి ఈ పాప?"
చిల్లర లెక్కపెట్టింది మెసెరెత్.
"ఎక్కడికమ్మా?"
"ఇంటికి."
"స్టాపు పేరు చెప్పాల."

ఆరు నెలలుగా పలకడం నేర్చుకుంటున్న మాట అది.
ఊపిరి తీసుకుని, ద దగ్గర కొంచెం నొక్కి,
మద్దిలపాలెం, అంది.
బస్సులో సగంమంది వెనక్కి తిరిగారు.
గడియారం ఎనిమిదీ పది.
అప్పలనరసమ్మ గారికి ఏం చెప్పాలో
ఇద్దరం ఇంకా ఆలోచించలేదు.