సరైన జవాబులు

కాగితం మీద ఇరవై ప్రశ్నలు.
అడిగే పిల్లకి కాలేజీ వాసన ఇంకా పోలేదు,
పెన్ను మూత పళ్లతో కొరుకుతోంది.

దోమ కుడితే వస్తుందా? రాదు.
ఒకే కంచంలో తింటే? రాదు.
మందు వాడితే పూర్తిగా పోతుందా?
పోదమ్మా, అణిగి ఉంటది,
లాకుల కాడ కాలవ నిలబడ్డట్టు.
లస్కరు రోజూ వచ్చి తలుపులు చూసుకోవాలి.
ఆ పిల్ల అవును, కాదు గళ్ల మధ్య
కాసేపు పెన్ను ఆపింది.

ఇంత దూరం ఎందుకండీ, అమలాపురంలో లేదా?
ఇది కాగితంలో లేదు, తనే అడిగింది.
అంబాజీపేట పీచు మిల్లులో పని నాది.
తెల్లారగట్ట ముక్తేశ్వరం రేవులో పంటెక్కి
కోటిపల్లిలో దిగి బస్సు పట్టుకుని
కాకినాడ వస్తాను,
ఇక్కడ నన్నెవరూ ఎరగరని.

పోయిన నెల ఇదే బెంచీ మీద
మా వీధి చివర చేపల మార్తమ్మ!
ఆవిడా అందుకే వచ్చింది.
ఇద్దరం గోడమీద క్యాలెండరు చూశాం,
చూసి చూసి ఆ నెల అయిపోయేదే.
ఆఖరికి ఆవిడే అంది,
"పాత బిళ్లకి నీకూ కలలొచ్చేవా?"
వచ్చేవి. కొబ్బరిచెట్లు ఏట్లోకి నడిచెళ్లిపోయేవి.
ఆవిడతో చేపలు బేరమాడేవంట.
నవ్వుకుంటుంటే మా టోకెన్లు దాటిపోయాయి.

పద్నాలుగు: ఎవరి ద్వారా సోకింది?
సోకిందని రాసుకో. ఎవరో వదిలెయ్.

పద్దెనిమిది: మందు ఎప్పుడైనా మానేశారా?
వరదొచ్చి పంటు ఆపేసిన ఏడు,
సీసా అడుగున రెండే బిళ్లలు.
సగం సగం చేసి నాలుగు రోజులు మింగాను.
తప్పని తెలుసు. తెలిసే చేశాను.
దీనికి గడి ఉందా తల్లీ?

అడగంది ఒకటుంది.
సీసా బస్సులో గలగలమంటది.
"ఏంటమ్మా, జీడిపప్పా?" అన్నాడు ఓసారి పక్క సీటాయన.
అప్పట్నించీ లోపల పీచు కుక్కుతాను,
మిల్లులో ఏరి తెచ్చిన మెత్తటిది.
పదకొండేళ్లు. పిట్ట గుడ్లల్లే
చప్పుడు లేకుండా పడుకున్నాయి.

ఈసారి రిపోర్టులో "కనబడలేదు" అని వచ్చింది.
అంటే మంచిదేనండీ, అంది పిల్ల, నా చెయ్యి పట్టుకుని.
తెలుసమ్మా.
నేనూ అంతే, పదకొండేళ్లుగా
ఎవరికీ కనబడలేదు.

బయటికొస్తే వరండాలో ఓ కుర్రాడు,
ఇవాళే ఇచ్చినట్టున్నారు,
చొక్కా జేబులో కొత్త సీసా.
అడుగేస్తే మోగుతోంది,
మోగినప్పుడల్లా ఆగిపోతున్నాడు.
నా సంచిలో పీచు ఉంది.
ఇవ్వాలా,
మోగనీరా అనాలా?
లోపల చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను,
అవతల ఆఖరి పంటుకి టైమవుతోంది.