మూడు కాళ్ళ గుర్తు

తలుపు మీద అంటించిన కాగితంలో రెండే మాటలు:
కాగితాలు పంపకండి, ఫ్యాక్స్ చేయకండి.
ఈమెయిల్ ఒక్కటే దారి, తాత్కాలికంగా.
ఆ చివరి మాట కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు.
నేనే కావచ్చు.

ఇరవయ్యారేళ్ళుగా జెనీవాలో నా పని కవర్లు చించడం.
ఏ దేశపు జిగురు ఎలా ఊడుతుందో
నా బొటనవేలికి తెలుసు.
సముద్రం దాటి వచ్చిన అట్టల్లో చెమ్మ,
ఒక గుర్తు వెనక టీ కప్పు మరక,
ఒకసారి దరఖాస్తు మడతలో చచ్చిన చీమ.
పాపం, అది ఏ తరగతి సరుకు కిందకీ రాలేదు.
వచ్చిన తేదీ ముద్ర కొట్టేదాన్ని
ఠప్పున.
ఆ చప్పుడుతో ఎక్కడిదో ఒక పేరు
లోకం ముందు వరుసలో నిలబడేది.

ఇప్పుడు ముద్ర ఆఫీసు సొరుగులో ఉంది,
నేను వంటింటి బల్ల దగ్గర.
సరస్సు మీది బీజ్ గాలి కిటికీని కుదుపుతోంది.
పై అంతస్తు మదామ్ రొసియే
పొద్దుటి నుంచి ఒకే గిన్నె తోముతోంది.
తెర మీద గుర్తులు వచ్చిపడుతున్నాయి
వాసన లేకుండా, బరువు లేకుండా,
అన్నిటి వెనకా ఒకటే తెలుపు.

మంగళవారం జార్జియా నుంచి ఒక మేక వచ్చింది.
తెలావి దగ్గర ఏదో ఊళ్ళో
నానులీ అనే ఆవిడ చేసే చీజ్ మీది బొమ్మ,
అక్కడి కార్యాలయం స్కాన్ చేసి పంపింది.
ముందర రెండు కాళ్ళు. వెనక ఒకటి.

చేతికి కాగితం వచ్చి ఉంటే వెలుతురుకు పట్టి చూసేదాన్ని.
కలం ఆగిన చోట సిరా కాస్త ముద్దకడుతుంది,
గీసినవాళ్ళు ఆపారో, గీత జారిపోయిందో
అదే చెప్పేస్తుంది.
తెర చెప్పదు.
నాలుగో కాలు స్కానర్ మింగేసిందనుకుని
నిబంధన ప్రకారం రాశాను:
'బొమ్మ అసంపూర్ణంగా అందింది. పూర్తిది పంపగలరు.'

మళ్ళీ అదే మేక. అవే మూడు కాళ్ళు.
మళ్ళీ రాశాను, ఇంకాస్త మర్యాదగా,
అంటే ఇంకాస్త విసుగ్గా.

ఈసారి ఆవిడ మాటలే వచ్చాయి:
'అమ్మా, బొమ్మ పూర్తిగానే ఉంది. మేకే అంత.
ఏడేళ్ళ కింద కంచె తీగలో చిక్కుకుంటే కాలు తీసేశాం.
కోసేద్దామన్నారు మావాళ్ళు. కత్తి దాచేశాను.
ఇప్పుడు సంతలో ఎవరో
నాలుగు కాళ్ళ మేకను అచ్చేసి నా సరుకని అమ్ముతున్నారు.
దయచేసి మీరూ కాలు అతికించకండి.'

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను
ఈ కొలువులో ఎంతమందిని చూడలేదు!
ఈసారి పట్టుబట్టింది నేను,
నాలుగని.

మంగళవారం తేదీయే వేశాను.
వివరణ గడిలో ఒక్క వాక్యం:
మూడు కాళ్ళ మీద నిలబడిన మేక.
నిలబడిన, అన్న మాట అక్కర్లేదు నిజానికి.
ఉంచేశాను.

పంపే మీట నొక్కాక అలవాటు కొద్దీ
పిడికిలితో బల్ల మీద ఒక్కటి కొట్టాను, ఠప్పున.
కప్పులో కాఫీ ఒలికింది.
పైన గిన్నె చప్పుడు ఆగి, కాసేపటికి
మదామ్ రొసియే, గరిటతోనే కాబోలు,
నేల మీద తిరిగి ఒకటి కొట్టింది.