మిస్టర్ హారిస్‌కు గుండె నొప్పి

సాయంత్రం ఐదున్నర దాటితే
నేను తుగ్గలి ల్యాబ్ టెక్నీషియన్ మద్దిలేటిని కాను.
నాకు మూడువేల గొర్రెలుంటాయి,
పక్కింటికి పోవాలంటే ముప్పై కిలోమీటర్లు,
పొద్దున్నుంచి ఎడమ రెట్ట లాగుతా ఉంటుంది.
పేరు హారిస్.
ఇంగ్లీషు నాకు రాదు, హారిస్‌కు వస్తుంది:
"పెయిన్ డాక్టర్, వెరీ పెయిన్."

పర్వీన్ మేడం తలుపు బయట నిలబడి
అట్ట మీది నాలుగు ముక్కలు చదువుకుంటుంది.
రెండు నిమిషాలు.
తర్వాత తన గది తలుపు తనే తట్టి
లోపలికొచ్చి పేరు చెప్పుకుంటుంది.
ఎనిమిది నిమిషాలు.
నర్సు లక్ష్మీకాంతమ్మ ఫోన్లో గంట పెట్టి
బీరువా పక్కన పటంలోని దేవత మాదిరి కూచుంటుంది.
ఆమె పరీక్ష పెట్టే మనిషి. నవ్వకూడదు.

కర్నూలులో చదివిన చదువు
సముద్రం దాటితే మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబెడతారంట.
ఇంగ్లీషు వచ్చా అని ఒక పరీక్ష,
వైద్యం వచ్చా అని ఒక పరీక్ష,
వైద్యం చేసేటప్పుడు మనిషి మాదిరి ఉంటావా అని ఇంకొకటి.
కాలేజీ కాగితం, కౌన్సిల్ కాగితం,
ఆ కాగితాలు నిజమేనని మరో కాగితం.
ఇన్నీ అయినాక పట్నం ఇవ్వరు,
వాళ్లోళ్లు ఎవరూ పోని పల్లె ఇస్తారు.
"తుగ్గలి మాదిరే మద్దిలేటీ, ఎర్రమన్నే" అనింది.
ఫీజు ఎంతో కూడా చెప్పింది.
ఆ పొద్దు ఒకే స్లైడును రెండుసార్లు చూసినా.

తొలకరి పడి వారం.
జొన్నగిరి చేన్లలో ఎటు చూసినా వంగిన నడుములే,
వజ్రాల కోసం కర్ణాటక నుంచి కూడా దిగినారు.
ఓపీ నూటముప్పై దాటింది.
నడుము నొప్పి, మోకాలు నొప్పి, కండ్లు తిరగడం.
ఒకామె కొంగున రాయి కట్టుకొచ్చి
"ఇదేమన్నా చూడమ్మా" అంటే
మేడం వెలుతురుకు పట్టి "గాజు" అని
బీపీ చూసింది.
మనిషికి అర నిమిషం. ఎవరు మాత్రం ఏం చేస్తారు.

మొన్న అట్ట మీద: చెడు కబురు చెప్పుట.
హారిస్‌నే నేను. రిపోర్టు వచ్చింది.
"మీకు ఇప్పటికే ఏం తెలుసు?" అనింది.
"తోడు ఎవరినైనా పిలవమంటారా?" అనింది.
చెప్పాల్సింది చెప్పి, ఊరుకుంది.
ఆ ఊరుకోవడానికీ మార్కులుంటాయంట.
ఫ్యాను తిరుగుతా ఉంది.
నా నోట్లోంచి తెలుగు జారిపడింది:
"రాత్రిళ్లు నిద్ర పట్టదు మేడం.
మూడు నెలలాయె."

అది హారిస్ జబ్బు కాదు,
అట్ట మీద లేదు.
పదకొండేండ్లుగా ఈ బిల్డింగులో
ఊరందరి రక్తం నేనే తీసినా.
నన్నెవరూ ఎనిమిది నిమిషాలు కూచోబెట్టలేదు.
లక్ష్మీకాంతమ్మ ఫోను బోర్లించి పెట్టింది.
గంట మోగిందో లేదో నాకు తెలీదు.

మరుసటి రోజు, క్యూ గేటు దాటి రోడ్డెక్కినాక,
ఉరుకుందమ్మకు కర్నూలు రిపోర్టు చెప్పే ముందు
మేడం కుర్చీ దగ్గరికి జరుపుకొని
"తోడు ఎవరన్నా వచ్చినారా అవ్వా" అనింది.
ఇంగ్లీషులో నేర్చుకున్న మాట.
క్యూ తిట్టింది. తిట్టనీ.

నిన్న ఇంకో ఫారం. అందులో ఒక ప్రశ్న:
మారుమూల ప్రాంతంలో ఒంటరిగా పనిచేసిన అనుభవం ఉన్నదా?
రెండు లైన్లలో వివరించండి.
మేడం నవ్వి, పెన్ను కొరికి, నా దిక్కు చూసింది.
"పెద్దాసుపత్రి ఎంత దూరమో రాయండి" అన్నా.
"అర్ధరాత్రి అంబులెన్సు ఎంతసేపటికొస్తుందో రాయండి.
పాము మందు ఎన్ని సీసాలుందో..."
"అది మూడో లైను అవుతుంది మద్దిలేటీ."

అక్కడికి పోయినాక కొన్నాళ్లపాటు
ఇంకో డాక్టరు ఈమె పని చూసి సంతకం పెట్టాలంట.
ఇక్కడ ఆరేండ్లు ఎవరు చూసినారు?
నేను చూసినా.
నా సంతకం చెల్లదు.

బుధవారం పరీక్ష.
ఐదున్నర కావస్తా ఉంది, లక్ష్మీకాంతమ్మ గంట సరిచేస్తా ఉంది.
ఈ పొద్దు నాకు ఏడో నెలంట.