ఒక తూటా తక్కువ

పాత దుప్పట్లో చుట్టిన నాన్న తుపాకితో
లాలాపేట స్టేషన్ మెట్లెక్కాను.
మూతి నేలకేసి.
ఉత్తదే. అయినా నేలకే.

"గొడుగులా అమ్మా?" అన్నాడు దారిలో ఆటో అతను.
"మా నాన్న ఉద్యోగం" అన్నాను.

బొంతా దేవసహాయం, మాజీ సైనికుడు.
మిర్చి యార్డు పక్క బ్యాంకు గేటు దగ్గర ఇరవై రెండేళ్ళు.
ఘాటుకి ఎర్రబడ్డాయేగానీ ఆ కళ్ళు
కోపానికి ఎర్రబడటం ఎవరూ చూడలేదు.
పేల్చింది ఒక్కసారీ లేదు.
తుడిచింది ప్రతి ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.
జంట గొట్టాలు విరిచి, కిటికీకేసి ఎత్తి
రెండు గుండ్రటి వెలుగుల్ని ఒంటికన్నుతో చూసి
"ఖాళీ" అనేవాడు పైకే,
ఇంట్లో ఎవరూ లేకపోయినా.
తర్వాత నా చేతికిచ్చేవాడు:
"నే చెప్పానని నమ్మకు. నువ్వూ చూడు."

హెడ్ కానిస్టేబుల్ నాగూర్‌బీ
కళ్ళజోడు దించుకుని లైసెన్సు పుస్తకం తెరిచింది.
"మనిషితోనే లైసెన్సూ పోయిందమ్మా.
పొలం కాదుగా, పేరు మార్చుకుని దున్నుకోడానికి.
కావాలంటే నీ పేరున అర్జీ పెట్టు.
కలెక్టరాఫీసు, విచారణ, ఎందుకు కావాలో కారణం.
వద్దంటే డీలరుకి అమ్ముకో.
అందాకా ఇక్కడుంటది, రసీదిస్తా."

ఎందుకు కావాలి?
నాకు బ్రాడీపేటలో ఒక కుట్టుమిషనుంది,
ఒక కత్తెరుంది.
ఇంకేమీ తోచలేదు.

తూటాలు బల్ల మీద నిలబెట్టింది,
ఎర్ర ఒళ్ళు, ఇత్తడి పాదాలు.
ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు.
నా అరచేతులు తడిసిపోయాయి.
ఇరవై ఐదోది ఎక్కడుందో
నాకొక్కదానికే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ.

పదేళ్ళప్పుడు.
తాళంచెవి క్యాలెండరు వెనక మేకుకి ఉండేది.
బళ్ళో చూపించాలని తీశాను,
జామెట్రీ బాక్సులో కోణమానిని పక్కన పడుకోబెట్టాను.
"రాయెట్టి కొడితే పేలుద్దా?" అంది నా పక్క పిల్ల రోజ్‌మణి.
అనడమే కాదు, రాయి కూడా తెచ్చింది.
తూటాని చూసి కాదు, ఆ రాయిని చూసి భయమేసింది.
ఇంటికొస్తూ పీకలవాగులో పడేశాను.
చప్పుడన్నా రాలేదు, అంతా బురద.

"ఒకటి తక్కువ" అనలేదు నాగూర్‌బీ.
పేజీ తిప్పి వేలు పెట్టింది.
ఎవరో రైటరు వంకర దస్తూరీ:
తూటా ఒకటి పోయినది. లైసెన్సుదారు తనంతట తాను వచ్చి తెలిపినాడు.
అజాగ్రత్త తనదేనని వ్రాసి ఇచ్చినాడు.
ముద్ర. తేదీ.
వాగులో పడేసిన వారానికే.

ఆ ఎండాకాలం గుర్తొచ్చింది.
ఇంట్లో తుపాకి లేదు. నాన్న బ్యాంకుకి పోలేదు.
యార్డులో మిర్చి టిక్కీలు మోసొచ్చి
రాత్రుళ్ళు మండే చేతులకి కొబ్బరినూనె పట్టించుకునేవాడు.
అమ్మ అడిగితే "సెలవు" అన్నాడు.

తుపాకి తిరిగొచ్చాక రెండు పెట్టెలు, రెండు తాళాలు.
ఒక చెవి ఆయన మొలతాడుకి,
తూటాలది అమ్మ జాకెట్టు పిన్నీసుకి.
మేకు పీకేశాడు. ఆ చిల్లు ఇప్పటికీ ఉంది.
నన్నొక్క మాట అనలేదు.
ఆ ఆదివారమే, మొట్టమొదటిసారి
గొట్టాలు నా చేతిలో పెట్టాడు.
నే చెప్పానని నమ్మకు.

"మేడమ్, ఆ తూటా తీసింది నేనే" అన్నాను.
ఆవిడ రాసుకోలేదు.
"పిల్లలున్న ఇంట్లో తూటా దానంతటది పోదమ్మా.
ఆయన మాత్రం అలాగే రాయించాడు.
సంతకం పెట్టు."

పెట్టేముందు దుప్పటి విప్పాను,
గొట్టాలు విరిచి ట్యూబులైటుకేసి ఎత్తాను.
రెండు వెలుగులు. ఒకదాని అంచున
ఆయన తుడిచిన నూనె ఇంకా తడిగా.
"ఖాళీ" అన్నాను. గొంతు సగమే వచ్చింది.
ఆవిడ చేతికిచ్చి
"మీరూ చూడండి" అన్నాను.

చూసింది.