చుక్కల సున్నా

కందుకూరు రిజిస్ట్రారాఫీసు గోడకానుకుని
ఎనిమిదడుగుల కొట్టు.
అందులో నేను, జిరాక్సు మిషను,
పక్క రేకు ఊడదీసిన కంప్యూటరు.
మధ్యాన్నం ఎండకి దాని ఫ్యాను
శెనక్కాయలు వేయిస్తున్నట్టు చప్పుడు చేస్తుంది.

నెల నించి పొద్దున్నే ఒక నీలం పెట్టె లేచి
మీ సిస్టం పాతబడింది, మార్చుకుంటారా అంటుంది.
"తర్వాత" నొక్కుతాను.
అప్పులోడికి ఇట్టాంటి మీట
ఒక్కటున్నా బాగుండేది.

నిన్న ఓగూరు నించి ఒకాయన
ఈసీ కావాలని వచ్చాడు.
సైటు తెరుచుకోలా.
తెల్లటి తెర, తిరుగుతా ఒక గింజ.
ఆయన చెప్పులు విప్పబోయి మళ్ళీ తొడుక్కుని
రోడ్డు దాటి ఎదురుకొట్టుకి పోయాడు.
పోతే పోయింది నలభై రూపాయలు.
ఆ దాటడం చూడాల్సొచ్చింది, అదీ.

కలిగిరి నించి పెంచలయ్యని పిలిపించా.
"కాశింబక్కా, రెండు జీబీతో ఇంకెన్నాళ్ళు ఈడుస్తావు?
కొత్త డిస్కేసి కొత్త విండోస్ ఎక్కిస్తా, గంట పని."
మరి నా అక్షరాలో?
"ఏం అక్షరాలక్కా?"

అబ్బయా, నువ్వు పుట్టకముందు ఫాంటు ఇది.
ఇందులో తలకట్టు వేరే, ఒత్తు వేరే.
నేను టైపు కొట్టను, కుడతాను.
ళ ఎక్కడుందో అడిగితే చెప్పలేను,
ఎడం చిటికెన వేలికి తెలుసు.
మీటల మీద బొమ్మలు అరిగిపోయి పదేళ్ళు.
ఇరవై రెండేళ్ళ శుభలేఖలు, ఓణీల కార్డులు,
సుబ్బరత్నమ్మ గారు అయిదుసార్లు మార్చిన వీలునామా,
ఐదోసారి మళ్ళీ మొదటి కొడుక్కే.

"చూద్దాం తే" అని ఒక ఫైలు
తన లాప్‌టాపులోకి ఎక్కించాడు.
చేతికి తగిలిందే ఎక్కించాడు,
వాడికేం తెలుసు.

తెర నిండా గండుచీమలు.
టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు,
తలకిందులు ప్రశ్నార్థకాలు, డిగ్రీ గుర్తులు.
నడిమధ్యలో అంకెలు మాత్రం అంకెల్లాగే ఉన్నాయి.
ఒక తేదీ.
కింద పది అంకెల ఫోను నంబరు.
ఆ తేదీ నాకు తెలుసు.
దస్తగిరి మాస్టారి నలభయ్యో దినం కార్డు.
ఈ కుర్చీలో నన్ను కూచోబెట్టి
"చూపు తెర మీద, చేతుల మీద కాదు" అన్న మనిషి
పేరు పోయి
చచ్చిపోయిన రోజు మిగిలాడు.

పెంచలయ్య గమ్మున మూత మూశాడు.
టీ చెప్పాను. చల్లారిందాకా ఇద్దరం తాగలా.

మొన్నామధ్య జిల్లా మారినప్పుడు
ఊళ్ళో లెటర్‌హెడ్లన్నీ నేనే మార్చా.
ప్రకాశం తీసేసి నెల్లూరు పెట్టడం,
రోజుకి అరవై, డెబ్భై.
ఊరు అంగుళం కదల్లా.
పామూరు బస్సు పామూరు బస్సే.
రేపు మళ్ళీ మారుస్తారంటే
మళ్ళీ మారుస్తా. డబ్బులొస్తాయి కదా.
మరి నా ఒక్క డబ్బా కాడికొచ్చేసరికి
ఎందుకమ్మా ఇంత గింజుకోవడం?

"పాత డిస్కు చెరపబాక," అన్నాను.
"ఊడదీసి నా చేతికియ్యి.
కొత్తదాన్లో నీ ఇష్టం."
అరచేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది.
జాకెట్టు గుడ్డలో చుట్టి
రశీదు పుస్తకాల అడుగున దాచా.
దాన్ని తెరవాలంటే ఇంకో పాత డబ్బా కావాలి.
అది యాడ దొరుకుద్దో, దొరకదో.

గంటన్నాడు, మూడు గంటలు పట్టింది.
ఫ్యాను చప్పుడు లేదు.
కొట్టు ఎవరిదో అనిపించింది.
కొత్త పద్ధతి వేలితో చూపించి
"ఊరి పేరు కొట్టక్కా" అన్నాడు.
వేలు పాత దారినే పోయింది.
అక్షరానికి ముందే కొమ్ము పడింది.
పట్టుకోడానికేం లేక అది
చుక్కల సున్నా ఒకదాని పక్కన వేలాడుతోంది.
ఇదేందబ్బా?
"అక్షరం కోసం చూస్తా ఉంది," అన్నాడు.

వాకిట్లో ఎవరో చెప్పులు విప్పుతున్నారు.
"అమ్మా, ఈసీ వచ్చుద్దా?"
కూర్చోన్నా.
కాస్త ఆలస్యం అవుద్ది.